ముందు మంచి మాట

పేస్‌మేకర్ ఉన్న పెద్దావిడ నిద్రలో ఉండగా, మంచం పక్కనున్న చిన్న పెట్టె ఆ గుండె లెక్కలు ఆసుపత్రికి పంపేస్తుంది. వాటిని మనిషి మాటల్లో పెట్టడమే డివైస్ క్లినిక్ టెక్నీషియన్ నేర్పు. ఫోన్‌లో ఆసుపత్రి నంబరు చూస్తే చాలు, అవతల దడ మొదలవుతుందని ఆ టెక్నీషియన్‌కు తెలుసు. అందుకే అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు "కంగారేం లేదు పెద్దమ్మా, అంతా బాగుంది" అన్నాకే మిగతా సంగతులు: బ్యాటరీ ఇంకా ఎన్నేళ్లు వస్తుందో, గుండెలోకి వేసిన తీగ ఎలా ఉందో. లయ తప్పిన జాడ కనబడిందా, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్న పేరు తర్వాత చెబుతుంది, ముందు "మంగళవారం రాత్రి ఆయాసంగా గానీ అనిపించిందా?" అని అడిగి, రక్తం పలచబరిచే మాత్ర వేసుకుంటున్నారేమో కనుక్కుని, డాక్టరుగారికి చూపిస్తానంటుంది. ఈ ఓపికకు బిల్లులో వరుస ఉండదు. ఫోన్ పెట్టేసే ముందు ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతుంది: ఆ పెట్టెను రాత్రింబవళ్లు ఎవరూ చూస్తూ కూర్చోరు, ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా తన ఫోన్ కోసం ఆగకుండా 108కి చేయాలి.