కుండీ అడుగున ఖాళీ సీసాలు

మిద్దెతోట వేయదలచినవారు అన్నిటికంటే ముందు బరువు లెక్క చూసుకోవాలి. మనుషులు తిరిగే చదునైన పైకప్పుకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు భారాన్ని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లెక్కలోకి తీసుకుంటుండగా, అంతే విస్తీర్ణంలో అడుగు లోతున నింపిన తడి మట్టి దాదాపు 500 కిలోలు తూగుతుంది. అందువల్ల మూత బిగించిన ఖాళీ నీళ్ల సీసాలనూ, టీవీ పెట్టెల్లో వచ్చే థర్మోకోల్ దిమ్మెలనూ పెద్ద కుండీల అడుగున అమర్చి, పైన మాత్రమే మట్టి నింపే పద్ధతి ఎంతో మెచ్చదగినది. లీటరు సీసా ఒక్కొక్కటి కిలోన్నరకు పైగా తడి మట్టి బరువును తప్పిస్తుంది. థర్మోకోల్‌లో నూటికి 98 పాళ్లు గాలే కనుక దాని బరువు లెక్కకు రాదు.

అయితే ఈ పొర వల్ల నీరు కూడా బాగా దిగుతుందన్న నమ్మకం సరైనది కాదు. మట్టి రేణువుల నడుమ ఉండే సన్నని ఖాళీలు నీటిని పట్టి నిలిపే గుణాన్ని కేశనాళికీయత అంటారు. ఆ పట్టు వల్ల నీరు కిందనున్న పెద్ద సందుల్లోకి వెంటనే జారక, మట్టి అడుగుభాగం పూర్తిగా నానిన తరువాతే దిగుతుంది. ఆ నానిన పొర మందం మట్టి స్వభావాన్ని బట్టి ఉంటుందే గానీ కుండీ లోతును బట్టి మారదు కాబట్టి, అడుగున ఏది పరచినా ఆ పొర పైకి జరిగి వేళ్లకు మరింత చేరువవుతుంది.

నీరు నిలవకుండా చూసేవి కుండీ రంధ్రాలూ, ఎర్రమట్టిలో కొబ్బరిపొట్టు, చివికిన పశువుల ఎరువు, గరుకు ఇసుక కలిపిన గుల్ల మిశ్రమమూ. సీసాలు రంధ్రాలను మూయకుండా అమర్చి, మట్టి సందుల్లోకి జారకుండా పైన పాత గోనెసంచి పరచాలి. ఎనిమిది అంగుళాల మట్టి సరిపోయే ఆకుకూరలకు ఈ పద్ధతి నప్పుతుంది. లోతుగా వేళ్లూనే మునగ, బొప్పాయి వంటి వాటికి నప్పదు, పైగా అడుగు తేలికైన కుండీ గాలికి ఒరుగుతుంది. థర్మోకోల్ ఎండ తగిలితే పెళుసై పూసలుగా రాలుతుంది కనుక దానిని మట్టి కిందే పూర్తిగా కప్పి ఉంచాలి. పురుగుమందుల డబ్బాలను మాత్రం ఎంత కడిగినా కూరగాయల కుండీల్లో వాడరాదు.