గోడలో పొదిగిన వెలుతురు

ఇటలీలో రంగు గాజుముక్కలతో బొమ్మలు పొదిగే మొజాయిక్ కళకు రాజధాని రవెన్నా. చాలామంది రైలు దిగి, నాలుగు చర్చిలు చూసి, సాయంత్రానికి వెనక్కి వెళ్లిపోతారు. కారు తీసుకుని ఉత్తరాన ఉన్న స్పిలింబెర్గో నుంచి బయల్దేరితే మాత్రం ఆ చర్చి గోడల వెనక ఉన్న పని అంతా దారిలోనే కంటబడుతుంది.

స్పిలింబెర్గో తాల్యమెంతో నది పక్కన ఉన్న చిన్న ఊరు. మొజాయిక్ నేర్పడానికి 1922లో ఇక్కడ ఒక బడి పెట్టారు. చదువు మూడేళ్లు. పనిముట్లు మాత్రం రెండే: చెక్క దుంగలో నిలువుగా దిగ్గొట్టిన ఉలి, రెండు కొసలా పదునున్న సుత్తి. గాజుపలకను ఉలి అంచున ఆనించి, సరిగ్గా దానికి ఎదురుగా సుత్తి దెబ్బ పడితే ముక్క తెగుతుంది. దెబ్బ కాస్త పక్కకు పోతే పొడి అవుతుంది.

ఆ గాజు ఎలా తయారవుతుందో వెనిస్‌లో తెలుస్తుంది. అక్కడ ఓర్సోని కొలిమి 1888 నుంచి పనిచేస్తోంది. కరిగిన గాజులో లోహాల ఆక్సైడ్లు కలిపి, పలకలుగా పోసి, నెమ్మదిగా చల్లారుస్తారు. రంగు పైపూత కాదు, గాజు ఒంట్లోనే ఉంటుంది. కాబట్టి పగిలినచోటా అదే రంగు. బంగారు ముక్కలకైతే మందపాటి గాజు మీద బంగారు రేకు పరిచి, పైన పలుచని గాజుపొర కప్పి కాల్చి అతికిస్తారు. ఆ పొర కిందే బంగారం శతాబ్దాలపాటు మెరుస్తూ ఉంటుంది.

వెనిస్ నుంచి రవెన్నాకు రొమేయా రోడ్డు పట్టుకోవాలి. దూరం సుమారు 145 కిలోమీటర్లు. ఈ దారి పో నది సముద్రంలో కలిసే చోట పాయలూ చిత్తడి నేలలూ దాటుతూ వెళ్తుంది. మధ్యలో పొంపోసా మఠం దగ్గర ఆగి, 1063 నాటి గంటల గోపురాన్నీ, లోపలి రంగురాళ్ల నేలనూ చూడవచ్చు.

రవెన్నాలో మొదట గల్లా ప్లాచీదియా సమాధి మందిరానికి వెళ్లాలి. అయిదో శతాబ్దపు కట్టడం. బయట ఉత్త ఇటుక గోడలు. లోపల ముదురు నీలి కప్పు నిండా బంగారు చుక్కలు. కిటికీలకున్న పలుచని ఆలబాస్టర్ రాతిపలకల గుండా తేనెరంగు వెలుగు దిగుతుంది. తలను కాస్త కదిపితే ఒక చుక్క ఆరి, మరొకటి వెలుగుతుంది.

ఈ కళ కీలకం అక్కడే ఉంది. మన పాత ఇళ్లలో మొజాయిక్ నేలను అద్దంలా నున్నగా అరగదీసేవారు. ఇక్కడి గోడ కావాలనే ఎగుడుదిగుడు. తడి సున్నపు పూత మీద బొమ్మ గీసుకుని, అది ఆరకముందే ముక్కల్ని ఒక్కొక్కటిగా నొక్కేవారు. ఏ ముక్క ఎంత వాలాలో, ఎంత సందు వదలాలో చెయ్యే నిర్ణయించేది. వాలు మారితే మెరుపు మారుతుంది. ముక్కల వరుస చెంప వంపు వెంట, బట్ట మడత వెంట నడుస్తుంది. కాగితం మీద ముక్కల్ని తలకిందులుగా అతికించి, ఒక్కసారిగా గోడకెక్కించే పద్ధతి 19వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. పని త్వరగా తెమిలింది గానీ గోడ చదునైంది, వెలుతురు ఆట తగ్గింది.

547లో ప్రతిష్ఠించిన సాన్ వితాలే చర్చిలో ఈ విద్య పరాకాష్ఠకు చేరింది. జస్టీనియన్ చక్రవర్తి పరివారంతో ఒక గోడ మీద, థియొడోరా రాణి ఎదుటి గోడ మీద ఉంటారు. ఆమె నగల్లో ముత్యపుచిప్ప ముక్కలు పొదిగారు. ముఖాలకు చిన్న ముక్కలు, వస్త్రాలకు పెద్దవి. దగ్గరికెళితే గాజు చుక్కలే కనిపిస్తాయి, నాలుగడుగులు వెనక్కి వేస్తే వాళ్ల చూపు మన మీద నిలుస్తుంది.

1996లో యునెస్కో ఇక్కడి ఎనిమిది కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జాబితా కట్టడాన్ని గుర్తిస్తుంది, ఊడిన ముక్కను తిరిగి నిలబెట్టేది మాత్రం నేర్చిన చెయ్యి. పాత ముక్క పక్కన కొత్తదాన్ని అదే వాలులో కూర్చగల మనిషి లేకపోతే ఈ గోడలు క్రమంగా మూగబోతాయి. అందుకే టికెట్ కొని చర్చిలు చూసే యాత్రికుడు, ఆ బడినీ ఆ కొలిమినీ కూడా చూడాలి, వీలైతే అక్కడి చేతిపనిని కొనాలి. ఈ సంప్రదాయం ఇకముందూ బతకాలంటే దానికి ప్రేక్షకులతో పాటు పనివాళ్లూ కావాలి.