చిక్కదనం వేరు, చేదు వేరు

ఇంట్లో ఫిల్టర్ కాఫీ మీద వచ్చే ఫిర్యాదులు రెండే. ఒకటి పల్చగా ఉందని, రెండోది చేదుగా ఉందని. పల్చగా ఉంటే డికాషన్‌ను ఇంకాసేపు దిగనివ్వడం, చేదుగా ఉంటే ఇంకో చెంచా పంచదార వేయడం వాడుకలో ఉన్న వైద్యాలు. రెండూ రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాసినట్టే. చిక్కదనం పొడికీ నీళ్లకీ ఉన్న పాళ్లను బట్టి వస్తుంది. చేదు మాత్రం గింజ రకం, వేయింపు, పొడి మెత్తదనం, పొడి నీళ్లలో నానిన సమయం, ఈ నాలుగింటిని బట్టి వస్తుంది. చేదు లేకుండా చిక్కగా ఉండే కాఫీ సాధ్యమే. పల్చగా ఉంటూనే నాలుకను పొడిచే కాఫీ కూడా సాధ్యమే, రైళ్లలో, పెళ్లిళ్లలో అది అందరికీ అనుభవమే.

వేయించిన కాఫీ గింజ బరువులో నీళ్లకు కరిగేది దాదాపు 30 శాతం. మిగతాదంతా పిప్పి. ఆ కరిగేదంతా దించాల్సిన పని లేదు. గింజ బరువులో సుమారు 18 నుంచి 22 శాతం దిగినప్పుడు రుచి సమంగా ఉంటుందన్నది కాఫీ రంగంలో స్థిరపడిన లెక్క. దిగడంలోనూ ఒక వరస ఉంది. ముందు పులుపు, దాని వెనక తీపి, చివరగా చేదు, వగరు. తొందరపడితే పులుపు దగ్గరే ఆగిపోతుంది, ఆశపడితే వగరు దాకా పోతుంది. కాఫీ చేయడంలో నేర్పంతా ఎక్కడ ఆపాలో తెలియడమే.

ముందు గింజ సంగతి. మార్కెట్లో దొరికేవి రెండు జాతులు: అరబికా, రోబస్టా. అరబికాలో కెఫీన్ సుమారు 1.2 శాతం, రోబస్టాలో దానికి ఇంచుమించు రెట్టింపు. అరబికాకు వాసన, సన్నటి పులుపు, తీపి ఎక్కువ. రోబస్టాకు చేదు, నోటికి తగిలే నిండుదనం, నురగ ఎక్కువ. దేశంలో పండే కాఫీలో ఎక్కువ భాగం రోబస్టానే, పండించడంలో కర్ణాటకది మొదటి స్థానం. తెలుగు నేల మీద అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు కొండల్లో పండేది అరబికా. అక్కడి ఆదివాసీ రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు పెంచి, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారు. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కాఫీ పొడి దుకాణంలో వినిపించే ‘ప్లాంటేషన్’, ‘పీబెర్రీ’, ‘చెర్రీ’ అన్నవి జాతుల పేర్లు కావు. పండు తొక్క తీసి, జిగురు పోయేదాకా కడిగి ఎండబెట్టిన అరబికా ప్లాంటేషన్. ఆ పేరు పక్కన ఉండే ఏ, బీ, సీలు గింజ సైజును చెబుతాయి. పండును పండులాగే ఎండబెట్టి తర్వాత దంచి తీసినది చెర్రీ. మామూలుగా ఒక్కో పండులో రెండు గింజలు ఒకదానికొకటి ఆనుకుని బల్లపరుపుగా ఉంటాయి. ఎప్పుడో ఒకసారి ఒక్కటే గింజ గుండ్రంగా కడుతుంది. అదే పీబెర్రీ. గుండ్రంగా ఉండటం వల్ల పెనం మీద అన్ని వైపులా సమంగా వేగుతుంది, అందుకే దానికి గిరాకీ. ప్లాంటేషన్ ఏ, పీబెర్రీ సగం సగం కలిపి ఆడించుకోవడం చాలా ఇళ్లలో తరాలుగా నడుస్తున్న పద్ధతి. కొత్తగా మొదలుపెట్టేవారికి అంతకన్నా నమ్మకమైన పాళ్లు వెతకనక్కర్లేదు.

వేయింపు దగ్గర చాలామంది పొరబడతారు. నల్లగా వేగిన గింజ ‘స్ట్రాంగ్’ అనుకుంటారు. నిజానికి గింజ నల్లబడే కొద్దీ దాని సొంత రుచి పోయి వేపుడు రుచి మిగులుతుంది. మరీ నల్లబడితే నూనె పైకి తేలి గింజ మెరుస్తుంది. అలాంటి పొడి కొన్నాళ్లకే ముక్కవాసన వేస్తుంది. పాలు పోసి తాగే ఫిల్టర్ కాఫీకి మరీ లేత వేయింపు కూడా పనికిరాదు. ఆ పులుపు పాలతో పొసగదు. గింజ ముదురు గోధుమ రంగుకు వచ్చి, పైన నూనె ఇంకా తేలని దశ దీనికి సరిపోతుంది.

ఇక చికోరీ. ఇది కాఫీ కాదు, ముల్లంగిలా భూమిలో దిగే ఒక వేరు. దాన్ని ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. ఇందులో కెఫీన్ లేదు. నెపోలియన్ కాలంలో సముద్ర వ్యాపారం దిగ్బంధమై యూరప్‌లో కాఫీకి కరువొచ్చినప్పుడు ఫ్రెంచి వాళ్లకు దీని అలవాటు బాగా ముదిరింది. మన దగ్గర అది దక్షిణాది డికాషన్‌లో శాశ్వతంగా స్థిరపడింది. చికోరీ నీళ్లలో కాఫీ కన్నా ఎక్కువగా కరుగుతుంది, కనుక కొంచెం వేసినా డికాషన్‌కు నల్లటి రంగు, జిగట, ఒక రకమైన మాడిన బెల్లపు రుచి వస్తాయి. పాలల్లో పడ్డాక కూడా రంగు నిలబడేది దీనివల్లే. కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని మన ఆహార భద్రతా నిబంధన. రెండింటి శాతాలూ ప్యాకెట్ మీద రాయాలి కూడా. కాబట్టి ప్యాకెట్ ముందు వైపు బొమ్మ కన్నా ఆ చిన్న అక్షరాలే చదవాల్సినవి. 80:20 పాళ్లలో కాఫీ వాసన ముందుంటుంది, చికోరీ వెనక నిలబడుతుంది. 60:40 దాటితే తాగేది చికోరీనే, కాఫీ దానికి తోడు మాత్రమే. చికోరీ ఇష్టపడటం తప్పేమీ కాదు. కాఫీ ధర పెట్టి చికోరీ కొనడం మాత్రం నష్టం.

పొడి ఎంత మెత్తగా ఉండాలన్నదానికి వంటింట్లోనే కొలబద్ద ఉంది. బొంబాయి రవ్వ కన్నా మెత్తగా, గోధుమపిండి కన్నా గరుకుగా. రెండు వేళ్ల మధ్య రుద్దితే పలుకు తగలాలి. పిండిలా ఉంటే ఫిల్టర్ చిల్లులు పూడుకుపోయి, నీళ్లు గంటసేపు పైనే నిలిచి, దిగేదంతా వగరవుతుంది. రవ్వలా ఉంటే నీళ్లు పోసినవి పోసినట్టే జారిపోయి ఎర్రటి కషాయం మిగులుతుంది. గింజ ఆడించిన క్షణం నుంచే వాసన పోవడం మొదలవుతుంది. దుకాణంలో ఘుమఘుమలాడే గాలి అంతా పొడిలోంచి పోతున్న సరుకే. అందుకే పాత తరం ఇళ్లలో గింజలు ఎప్పటికప్పుడు వేయించుకుని, బల్లకు బిగించిన చేతి మరలో ఆ పూటకు సరిపడా తిప్పుకునేవారు. ఇప్పుడది కుదరకపోతే, వారానికి సరిపడా ఆడించుకుని గాలి చొరబడని డబ్బాలో, ఎండ, వేడి తగలని చోట పెడితే చాలు. ఫ్రిజ్‌లో పెట్టి తీసిన డబ్బాకు చెమ్మ పడుతుంది. పక్కనున్న కూర వాసన కూడా పొడికి అంటుతుంది.

ఫిల్టర్ సంగతికి వస్తే, అది రెండు అంతస్తుల గిన్నె. పై గిన్నె అడుగున సన్నటి చిల్లులు, లోపల కాడ ఉన్న చిల్లుల బిళ్ళ, పైన మూత. స్టీలుదైనా ఇత్తడిదైనా పనితనం ఒకటే. ఇత్తడిదైతే లోపల కళాయి ఉండాలి. ఇద్దరికి రెండు కప్పుల కాఫీ కావాలంటే 20 గ్రాముల పొడి, 120 మిల్లీలీటర్ల నీళ్లు. పొడి తన బరువుకు రెట్టింపు నీళ్లు తాగేస్తుంది కనుక కిందికి దిగేది 80 మిల్లీలీటర్లే. పోసిన నీళ్లలో మూడో వంతు ఎక్కడికి పోయిందన్న అనుమానానికి జవాబు ఇదే.

తడి లేని పై గిన్నెలో పొడి వేసి, గిన్నెను పక్కలకు రెండుసార్లు తట్టి చదును చేయాలి. బిళ్ళను దాని మీద ఆనించాలి, అదమకూడదు. ముందు నాలుగైదు చెంచాల మరిగే నీళ్లు మాత్రమే పోసి అర నిమిషం ఆగాలి. పొడి తాజాదైతే ఈ అర నిమిషంలో అది ఉబ్బుతుంది, బిళ్ళ అంచుల వెంట సన్నటి బుడగలు చిటపటలాడుతూ పైకొస్తాయి. వేయించినప్పుడు గింజలో పుట్టిన బొగ్గుపులుసు వాయువు బయటపడటమే అది. బుడగ రాకపోతే పొడి పాతదని డబ్బా తానే చెప్పినట్టు. తర్వాత మిగతా నీళ్లు బిళ్ళ మీదుగా నెమ్మదిగా పోసి మూత పెట్టాలి. మొదట చుక్కలు టప్ టప్‌మని అడుగు స్టీలు మీద పడతాయి. కాసేపటికి చప్పుడు మెత్తబడుతుంది, అంటే చుక్క డికాషన్‌లోనే పడుతోందన్నమాట. పదిహేను ఇరవై నిమిషాల్లో పని పూర్తి కావాలి. ఐదు నిమిషాల్లో అయిపోతే పొడి గరుకు, అరగంట దాటితే పొడి మెత్తన లేదా చిల్లులు మూసుకుపోయాయి. చిల్లులు మూసుకుపోయిన గిన్నెను వేడి నీళ్లలో నానబెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఏవి తెరుచుకోలేదో తెలుస్తుంది. వాటిని సూదితో పొడవొచ్చు.

నీళ్లు మరిగేవి అయ్యుండాలి. వెచ్చటి నీళ్లు పులుపు దగ్గరే ఆగిపోతాయి. పొయ్యి మీంచి దించి పోసేలోపే వేడి కొంత తగ్గుతుంది, చల్లటి స్టీలు గిన్నె ఇంకొంత లాగేస్తుంది, కాబట్టి పొడి మాడిపోతుందన్న భయం అక్కర్లేదు. బోరు నీళ్ల సున్నం కాఫీ పులుపును చంపి రుచిని చప్పగా చేస్తుంది. లవణాలు పూర్తిగా తీసేసిన నీళ్లతో కూడా రుచి బోడిగానే ఉంటుంది. తాగడానికి రుచిగా ఉన్న నీళ్లే కాఫీకీ మంచివి.

అదే పొడి మీద రెండోసారి నీళ్లు పోసి దించే రెండో డికాషన్ పొదుపు కిందికి వస్తుంది గానీ రుచి కిందికి రాదు. పులుపూ తీపీ మొదటి దఫాలోనే చాలామటుకు పోయాయి, రెండో దఫాకు మిగిలేది చేదు, వగరు. చుట్టాలు హఠాత్తుగా వచ్చినప్పుడు మొదటి దాంట్లో కలపడం వరకు క్షమించవచ్చు. డికాషన్‌ను పొయ్యి మీద నేరుగా మరిగించడానికి మాత్రం క్షమాపణ లేదు. చల్లారిన డికాషన్ గిన్నెను వేడి నీళ్ల గిన్నెలో ఉంచితే సరిపోతుంది. పొద్దున దించింది సాయంత్రానికి పనికొస్తుంది, మర్నాటికి రాదు.

కప్పులో సగానికి పైగా ఉండేది పాలే. కాబట్టి పాలు బాగా లేని ఇంట్లో ఎంత ఖరీదైన గింజా నిలబడదు. ప్యాకెట్లలో టోన్డ్ పాలకు వెన్న 3 శాతం, ఫుల్‌క్రీమ్‌కు 6 శాతం. గేదె పాలల్లో అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. వెన్న చేదును కప్పుతుంది, పాలలోని మాంసకృత్తులు వగరును పట్టేస్తాయి. అందుకే రోబస్టా, చికోరీ ఎక్కువున్న పొడికి చిక్కటి పాలు, అరబికా ఎక్కువున్న పొడికి కాస్త పల్చటి పాలు నప్పుతాయి. పాలు ఒక్క పొంగు రాగానే దించాలి. మళ్లీ మళ్లీ కాచిన పాలకు వచ్చే కోవా వాసన కాఫీ వాసనను మింగేస్తుంది. తమిళనాడు డిగ్రీ కాఫీ పేరు పాల చిక్కదనాన్ని కొలిచే లాక్టోమీటర్ నుంచి వచ్చిందని ఒక వివరణ ప్రచారంలో ఉంది. పేరు ఎక్కడిదైనా, కాఫీకి పాలెంత ముఖ్యమో ఆ కథ చెబుతుంది.

గ్లాసులో పంచదార, దాని మీద డికాషన్, ఆ పైన వేడి పాలు. ఒక వంతు డికాషన్‌కు మూడు వంతుల పాలు మొదలుపెట్టడానికి మంచి పాళ్లు. గ్లాసుకూ డబరాకూ మధ్య రెండుసార్లు తిరగబోస్తే పంచదార కరుగుతుంది, నురగ కడుతుంది, వేడి తాగే స్థాయికి దిగుతుంది. నాలుగోసారి తిరగబోస్తే కాఫీ చల్లారడం తప్ప లాభం లేదు.

ఇన్‌స్టంట్ కాఫీ దారి వేరు. ఫ్యాక్టరీలో డికాషన్ దించి, అందులోని నీటిని ఎగరగొట్టిన పొడి అది. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో తయారయ్యే ఈ పొడి విదేశాలకూ వెళ్తుంది. దానికి ఫిల్టర్, నిరీక్షణ అక్కర్లేదు. అందుకు తగ్గట్టే అందులో ఇంటివారు మార్చుకోగలిగింది కూడా దాదాపు ఏమీ లేదు.

ఇష్టాలు ఎవరివి వారివే. ఒకరికి చికోరీ జిగట లేకపోతే కాఫీ తాగినట్టే ఉండదు, ఇంకొకరికి అది కషాయం. అయితే ఇష్టం వేరు, అలవాటు వేరు. ఏది ఇష్టమో తెలియాలంటే ఒక వారం ఒక్కటే మార్చి చూడాలి. పొడి పాళ్లు మార్చిన వారంలో పాలు మార్చకూడదు. పాలు మార్చిన వారంలో చికోరీ జోలికి పోకూడదు. పల్చగా ఉంటే పొడి పెంచాలి, సమయం కాదు. చేదుగా ఉంటే పొడి గరుకు చేయాలి, లేదా చికోరీ, వేయింపు తగ్గించాలి. పుల్లగా ఉంటే నీళ్ల వేడి చూసుకోవాలి. వీటిలో దేనికీ కొత్త యంత్రం అక్కర్లేదు. కిలో ప్యాకెట్ బదులు వారం వారం 150 గ్రాములు ఆడించి తెచ్చుకోవడం మొదలుపెడితే, ఇంట్లో ఉన్న పాత ఫిల్టరే చాలు.