ఆరు మూటలా, అయిదు మూటలా?

మడకశిర చుట్టుపక్కల మెట్టచేను ఉన్న రైతును ఎకరాకు శెనక్కాయ ఎన్ని మూటలొస్తుందని అడిగితే ఒక అంకెతో తేల్చడు. "వానబడితే పది మూటలు, బడకుంటే ఇత్తనం గూడా ఎనక్కి రాదు" అంటాడు. ప్రశ్నాపత్రంలో ఒక గడి, అందులో ఒకే అంకె నింపాల్సిన సర్వే కుర్రాడికి ఆ జవాబు చిరాకు. రైతు మాత్రం పూర్తి జవాబే చెప్పాడు. గణాంక శాస్త్రం ఆ మాటను రెండుగా విడదీసి, ఒకదానికి సగటు అనీ రెండోదానికి ప్రామాణిక విచలనం అనీ పేరు పెట్టింది. ఈ రెండో పేరును ఇంగ్లీషులో 1894లో అచ్చుకెక్కించినవాడు కార్ల్ పియర్సన్. ఆ పేరు పుట్టకముందే మన మెట్టసీమ దాన్ని విత్తనాల గంపలో పెట్టుకుని తిరుగుతోంది.

ఎలాగంటారా? రెండు చేలు అనుకుందాం. మొదటి చేనంతా శెనక్కాయే. అయిదేళ్ల దిగుబడి 1, 12, 2, 9, 6 మూటలు. రెండో చేనులో శెనక్కాయ మధ్య కంది సాళ్లు, గట్టు వెంట ఆముదం, అక్కడక్కడ అలసంద. వచ్చిందంతా శెనక్కాయ మూటల విలువలోకి మార్చి చూస్తే 4, 7, 4, 6, 4. మొదటిదాని సగటు ఆరు, రెండోదానిది అయిదు. సగటే చూసే ఆఫీసరు మొదటి చేనుకు మార్కులేస్తాడు.

ఇప్పుడు ఒక్కో ఏడు సగటుకు ఎంత దూరం జరిగిందో చూడండి. మొదటి చేనులో ఆ తేడాలు 5, 6, 4, 3, 0. కొన్ని పైకి, కొన్ని కిందికి. ఊరికే కూడితే ఒకదాన్నొకటి కొట్టేసి సున్నా మిగులుతుంది. అందుకే ఒక్కోదాన్ని దానితోనే హెచ్చవేస్తారు. 25, 36, 16, 9, 0 కలిపితే 86. అయిదుతో భాగిస్తే 17.2, దాని వర్గమూలం సుమారు 4.1. అదే ప్రామాణిక విచలనం. (ఈ అయిదేళ్లను పెద్ద లెక్కకు నమూనాగా తీసుకుంటే అయిదుకు బదులు నాలుగుతో భాగిస్తారు.) రెండో చేనుకు అదే లెక్క వేస్తే 1.3 వస్తుంది. కలిపి విత్తిన రైతు సగటులో ఒక మూట వదులుకుని, ఊగిసలాటను మూడో వంతుకు దించుకున్నాడు. శెనక్కాయకు మూడున్నర నెలలు దాటితే పని అయిపోతుంది. కంది వేరు లోతుకు దిగి, వెనకబడి వచ్చే వానకోసం కాచుకుని ఉంటుంది. ఒకటి పోయిన ఏడు ఇంకొకటి నిలబడటమే ఈ సేద్యంలోని కిటుకు. మడకశిర ఉన్న ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. సగటు వాన పడిన ఏడాది ఏదో చెప్పమంటే మాత్రం పెద్దవాళ్లు నవ్వుతారు.

ఈ బేరాన్ని మనిషి మనసులో కొలిచి చూసిన పరిశోధన ఒకటుంది. పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన ఆర్థికవేత్త హన్స్ బిన్స్‌వాంగర్ మహబూబ్‌నగర్ జిల్లా, మహారాష్ట్ర పల్లెల్లో రైతులతో బొమ్మా బొరుసూ ఆడించి, ఫలితాలను 1980లో అచ్చువేశాడు. ఒక ఆటలో ఏది పడినా 50 రూపాయలు ఖాయం. ఇంకోదాంట్లో 45 లేదా 95. మరోదాంట్లో 30 లేదా 150. చివరి రెండూ చూడండి: ఒకటి 10 లేదా 190, ఇంకొకటి 0 లేదా 200. రెండింటి సగటూ 100. మొదటిదాని విచలనం 90, రెండోదానిది 100. అంటే చివరి ఆటలో సగటు పైసా పెరగదు, గుండెదడ మాత్రం పెరుగుతుంది. కూలి రోజుకు కొన్ని రూపాయలే ఉన్న కాలంలో ఇవి చిన్న మొత్తాలు కావు. ఇవే ఆటలను చిన్న మొత్తాలతో, ఖాయమైనది అర్ధరూపాయిగా ఆడించినప్పుడు తెగించినవాళ్లు బాగానే ఉన్నారు. పందెం పెరిగేకొద్దీ ఎక్కువమంది మధ్యలోని ఆటలకు జరిగారు. పల్లె రైతు పిరికివాడనే మాటకు ఈ ఆట సాక్ష్యం పలకలేదు. ఖాయమైన 50ని దాటి వెళ్లారు, చివరిదాకా మాత్రం పోలేదు. కంది సాళ్లు వేసే చెయ్యి చేసేదీ ఇదే.

మనస్తత్వ పరిశోధనల పట్టికలు చదివేటప్పుడూ ఈ కన్నే కావాలి. కరువు మండలంలో ఆందోళన స్కోరు సగటు 24, నీళ్లున్న మండలంలో 21 అని ఒక పత్రం చెప్పిందనుకోండి. మూడు మార్కుల తేడా పెద్దదా, చిన్నదా? విచలనం చూడకుండా చెప్పలేం. రెండుచోట్లా అది 3 అయితే, స్కోర్లు గంట ఆకారంలో పరుచుకున్నప్పుడు, కరువు మండలంలో నూటికి 84 మంది రెండో మండలం సగటును దాటి ఉంటారు. విచలనం 12 అయితే దాటేది 60 మందే; రెండు మండలాల జనం దాదాపు కలిసిపోయారన్నమాట. పత్రికల్లో శీర్షికకెక్కేది ఆ మూడు మార్కులే, అదే నాకు బాధ. ఇంకో చిన్న మోసం: ప్రామాణిక దోషం అని వేరే అంకె ఉంది. అది సగటు మీద మనకున్న నమ్మకాన్ని చెబుతుంది, మనుషుల మధ్య తేడాను కాదు. ఎక్కువమందిని అడిగేకొద్దీ చిక్కిపోతుంది. గ్రాఫులో నిలువు గీతలు బాగా పొట్టిగా కనిపిస్తే, అవి దేనివో కింద రాసి ఉందేమో వెతకండి.

విచలనం సగటును మించిపోయిన చోట ఇంకాస్త ఆగాలి. గడిచిన నెలలో నిద్రపట్టని రాత్రులెన్ని అని పదిమందిని అడిగితే సగటు 4, విచలనం 8 వచ్చిందనుకోండి. సున్నాకు కిందికి ఎవరూ పోలేరు, కాబట్టి ఆ 8 పైవైపు నుంచే రావాలి. ఎనిమిది మంది నెలంతా హాయిగా నిద్రపోయి, ఇద్దరు ఇరవయ్యేసి రాత్రులు కప్పు చూస్తూ పడుకుంటే సరిగ్గా ఈ అంకెలే వస్తాయి. నాలుగు రాత్రులు మేలుకున్నవాడు ఆ పదిమందిలో ఒక్కడూ లేడు.