ఏప్రాన్‌కు వదిలేసిన బ్యాడ్జి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో సర్జన్ గామా ప్రోబ్‌ను చంకలో తిప్పుతుంటే థియేటర్ అంతా చెవులప్పగించి వింటుంది. ముందు టిక్కు టిక్కుమంటుంది. ముందే ఇంజక్షన్‌లో ఇచ్చిన రేడియోధార్మిక టెక్నీషియం చేరిన శోషరస గ్రంథి మీదికి రాగానే ఒకటే కూత. చిక్కుడు గింజంత ఉండే ఆ గ్రంథిని గిన్నెలో అందుకునేది నేనే.

మొన్న ఆ కూతకు పక్కనున్న కొత్త సిస్టర్ రెండడుగులు వెనక్కి వేసింది. కేసు అయ్యాక చేతులు కడుక్కుంటూ, "అక్కా, నాకు మూడో నెల. ఇంకా ఎవరికీ చెప్పలేదు" అంది.

ముందు రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుకు చెప్పమన్నాను. మనకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు హద్దయితే, చెప్పిన రోజు నుంచి కడుపులో బిడ్డకు 1 మాత్రమే. టెక్నీషియం సంగతంటావా, 6 గంటలకోసారి సగమైపోతుంది. నిన్న సాయంత్రం ఇంజక్షన్ చేస్తే ఇవాళ పొద్దున్నకి పావు కూడా మిగలదు. అసలు ఇచ్చేదే బోన్ స్కాన్‌కిచ్చే దాంట్లో చిన్న వంతు. లెక్కపెట్టిన స్వాబ్‌లను కూడా మామూలు చెత్తలో వెయ్యం. సోమవారం పొద్దున్న సంచి మీద తేదీ, టైము రాసి పక్కన పెడితే గురువారానికి వెయ్యో వంతు కూడా ఉండదు.

నాకు కోపం వచ్చేది వేరే చోట. పక్క థియేటర్‌లో కీమోపోర్టు పెట్టేటప్పుడు సీ-ఆర్మ్ ముందు మెడకు థైరాయిడ్ కాలర్ లేకుండానే కబుర్లాడుతూ నిలబడతాం. రోగి ఒంటికి తగిలి చెదిరిన ఎక్స్‌రే మన మీదికే వస్తుంది. దూరం రెట్టింపైతే అది నాలుగో వంతుకు పడిపోతుంది. అక్కడ మాత్రం ఒక్కరూ వెనక్కి అడుగు వెయ్యరు. పైగా లెడ్ ఏప్రాన్‌ను దుప్పటిలా మడతపెట్టి కుర్చీలో పడేస్తారు. మడత దగ్గర లోపలి పొర చిట్లుతుందని ఎన్నిసార్లు చెప్పినా అంతే.

అంత చెప్పే నేను చేసిన నిర్వాకం వినండి. ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచేందుకు ఏప్రాన్ కింద ఛాతీ దగ్గర ఉండాల్సిన టీఎల్‌డీ బ్యాడ్జిని ఒకరోజు ఏప్రాన్‌కే గుచ్చి, దాన్ని సీ-ఆర్మ్ గదిలో కొక్కేనికి తగిలించి సెలవు మీద ఊరెళ్లాను. మూడు నెలల రిపోర్టులో నా పేరు ఎదురుగా ఎప్పుడూ చూడని అంకె. నాకు తగిలిందో కొక్కేనికి తగిలిందో బ్యాడ్జికేం తెలుసు! సంజాయిషీ రాసిచ్చాను. ఆ మూడు నెలల్లో నా ఒంటికి నిజంగా ఎంత తగిలిందో మాత్రం ఇక తేలదు.