బస్తా లెక్క, తవుడు లెక్క

తెనాలి చుట్టుపక్కల ఏ రైస్‌మిల్లుకైనా వెళ్లి, ఇవాళ ఎన్ని బస్తాల ధాన్యం దిగిందని అడగండి. గుమాస్తా తడుముకోకుండా చెబుతాడు. తవుడెంత, నూకలెన్ని అని అడిగితే మాత్రం పైకప్పు కేసి చూస్తాడు. మనిషీ ఒకడే, కంప్యూటరూ ఒకటే. మిల్లు లెక్కలు రాసే పనిలో ఉన్నవాణ్ణి గనక దీని గుట్టు నాకు తెలుసు. బస్తాకింత అని కూలి తీసుకునే ముఠా మేస్త్రి సాయంత్రం తన లెక్కతో వచ్చి నిలబడతాడు. ఒక్క బస్తా తేడా వచ్చినా ఊరుకోడు. తవుడు తరఫున అలా వచ్చి అడిగేవాడు లేడు.

బీకాం, బీబీఏ పిల్లలు మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అని ఒక పేపరు చదువుతారు. అందులో ఈ మేస్త్రి కనిపించడు. ఒక త్రికోణం బొమ్మ ఉంటుంది. 1965లో హార్వర్డ్ ఆచార్యుడు రాబర్ట్ ఆంథొనీ చేసిన విభజన దానికి మూలం: కింద రోజువారీ పని, మధ్యలో అజమాయిషీ, పైన దూరపు ఆలోచన. మెట్టుకో రకం లెక్క కావాలంటాడు. మాట నిజమే. కాటా దగ్గర కుర్రాడికి ఈ లారీ ధాన్యంలో తేమ 17 శాతం దాటిందా లేదా తెలిస్తే చాలు, సర్కారు కొనుగోలుకు అదే హద్దు. మేనేజరు చూసేది దిగుబడి. క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చిబియ్యం ప్రభుత్వానికి అప్పగించాలి, మరి ఈ వారం మర ఎంత దించుతోంది? రంగు మారిన గింజల్ని ఏరే కొత్త సార్టెక్స్ మిషను కొనాలా, ఇంకో ఏడాది లాగాలా అన్నది ఓనరు గారి తలనొప్పి.

అయితే ఈ మూడు మెట్లకూ కిందనుంచి వచ్చే అంకె నిజమైనదై ఉండాలి కదా. అది ఎలా నిజమవుతుందో పుస్తకం పెద్దగా పట్టించుకోదు.

అంకె నిజమయ్యే తీరుకు ఒక పాత ఉదాహరణ ఉంది. వ్యాపార లెక్కలకు కంప్యూటరును మొదట వాడింది ఇంగ్లండులో టీ దుకాణాలు నడిపిన లయన్స్ కంపెనీ. 1951లో లియో అని సొంత యంత్రమే తయారు చేసుకుంది. తర్వాత కొన్నేళ్లకు దుకాణాల సరఫరానూ దానికే అప్పగించారు. ప్రతి దుకాణానికీ రోజూ ఎంత సరుకు కావాలో ముందే నమోదై ఉండేది. దుకాణం చూసుకునే ఆవిడ ఏదైనా మార్పుంటే అది మాత్రమే ఫోన్లో చెప్పేది. తప్పు చెబితే తన దుకాణానికే సరుకు తక్కువవుతుంది. ఇక తప్పెందుకు చెబుతుంది?

మన పల్లెల్లో పాల కేంద్రం చూడండి. తెనాలి దగ్గర వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది గనక ఈ ప్రాంతానికి పాల లెక్క కొత్త కాదు. లీటర్లు, వెన్న శాతం, ఎస్సెన్నెఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) అన్నీ చీటీ మీదో ఫోన్లోనో పోసినావిడ చేతికే వస్తాయి. నిన్న వెన్న ఏడున్నర వచ్చిన గేదె పాలు ఇవాళ ఆరుకు పడితే ఆవిడ కేంద్రం వాణ్ణి నిలదీస్తుంది, ఇంటికెళ్లి దాణా చూసుకుంటుంది. డెయిరీకి వెళ్లే అంకెను జీతం లేకుండా ఆడిట్ చేస్తున్నది ఆవిడే. రేపల్లె వైపు రొయ్యల చెరువుల్లో చెక్‌ట్రే పైకి లేపి, మేత మిగిలిందా చూసి తర్వాతి పూట మేత తగ్గించటమూ ఇలాంటిదే. చూసినవాడే నిర్ణయం చేస్తాడు, అది చాలా వరకు ఆ రోజే.

1967లో రసెల్ ఏకాఫ్ అనే ఆయన ఒక వ్యాసంలో, నిర్వాహకుల అసలు బాధ సమాచారం చాలకపోవటం కాదు, పనికిరానిది గుట్టలుగా వచ్చిపడటం అన్నాడు. మేం లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే ఎన్ని రకాల రిపోర్టులో! మా ఓనర్లు చూసేవి రెండే: బ్యాంకులో ఎంతుంది, ఎవరెంత బాకీ. మిగతావి అడగరని నేనూ రాయటంలో శ్రద్ధ తగ్గిస్తాను. ఎవరూ చదవని కాలమ్‌లో అంకె మెల్లగా అబద్ధం అవుతుంది. అడిగేవాడు ఉంటే తవుడైనా తూకానికి వస్తుంది.

బాపట్ల లాంటి వరి ప్రాంతంలో ఎరువుల కొట్టు సంగతే తీసుకోండి. 2018 నుంచి కొట్టులోని మిషనులో రైతు గుర్తింపు, ఎక్కువగా వేలిముద్ర, పడితేనే సబ్సిడీ బస్తా అమ్మకంగా లెక్క. ఊడ్పుల హడావిడిలో బస్తాలు ముందు వెళ్లి వేలిముద్రలు తర్వాత పడితే, గోడౌను ఖాళీ అయినా మిషనులో మాత్రం నిల్వ కనిపిస్తూనే ఉంటుంది. పైనున్నవాళ్లు చూసేది మిషనునే, ఆ కొట్టుకు యూరియా చాలినంత ఉందనే అనుకుంటారు. దీనికి విధిగా తనిఖీలు, నోటీసులు. నన్నడిగితే నోటీసు కన్నా ముందు కొట్టువాడికి రోజూ ఉదయం ఒక మెసేజ్ పంపాలి: మీ నిల్వ ఇంత కనిపిస్తోంది, దీన్ని బట్టి మీకు వచ్చే లోడు ఇంత. ఆ రెండో అంకె చూశాక వేలిముద్రలు సాయంత్రం దాకా ఆగవు.