ఈ నంబరు ఎవరిది?

హూఈజ్ అంత ముక్తసరి ప్రోటోకాల్ ఇంకొకటి నేను చూడలేదు. 43వ నంబరు పోర్టుకు కనెక్ట్ అయి, అడగదలిచింది ఒక్క లైనులో రాసి ఎంటర్ నొక్కితే, అటువైపు సర్వర్ మామూలు టెక్స్ట్‌లో జవాబిచ్చి కనెక్షన్ తెంచేస్తుంది. లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు, పలకరింపు కూడా లేదు. 1982లో కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థలో కెన్ హారెన్‌స్టీన్, విక్ వైట్ రాసిన పత్రంతో ఇది మొదలైంది. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ మీద ట్రాఫిక్ పంపగలిగే ప్రతి మనిషీ తన పేరు, పోస్టల్ అడ్రస్, ఫోన్ నంబరు, మెయిల్‌బాక్స్ నమోదు చేయించుకోవాలని అందులో కోరారు. నెట్‌వర్క్ మొత్తం ఒకరికొకరు ముఖపరిచయం ఉన్నవాళ్లే అనుకోగలిగిన రోజులవి. 2004లో ఆ పత్రాన్ని తిరగరాసినప్పుడు, ఇందులో భద్రతకు గట్టి ఏర్పాటేమీ లేదనీ, వచ్చే జవాబు ఏ లిపి సంకేతాల్లో ఉందో చెప్పే దారి కూడా లేదనీ అక్కడే ఒప్పుకున్నారు. మా రంగంలో ఇంత నిజాయితీ ఉన్న పత్రాలు అరుదు.

ఈ ముసలి ప్రోటోకాల్‌తో నాకు రోజూ పనే. సర్వర్లు చూసుకునే ఉద్యోగం కాబట్టి పొద్దున్నే లాగ్ తెరుస్తాను. రాత్రంతా ఎవరెవరో 'రూట్' అనో 'అడ్మిన్' అనో పేర్లు పెట్టుకుని లాగిన్ కావాలని చూసి భంగపడి ఉంటారు. ప్రతి లైనులో ఒక ఐపీ అడ్రస్. ఆ నంబరు ఎవరి పేరున ఉందో తెలియాలంటే ప్రపంచంలో ఐదు రిజిస్ట్రీలున్నాయి. యూరప్, పశ్చిమాసియాలకు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైప్, ఆసియా పసిఫిక్‌కు బ్రిస్బేన్‌లోని ఏపీనిక్, ఉత్తర అమెరికాకు వర్జీనియాలోని ఆరిన్, లాటిన్ అమెరికాకు మాంటెవిడియోలోని లాక్‌నిక్, ఆఫ్రికాకు మారిషస్‌లోని ఆఫ్రినిక్. మన దేశానికి ఏపీనిక్ కింద ఐఆర్ఐఎన్ఎన్ అని ఒకటుంది. దాన్ని నిక్సీ అనే సంస్థ నడుపుతుంది.

పాత తరం ఐపీ అడ్రసులు మొత్తం కలిపి 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. పైనుంచి పంచడానికి మిగిలిన చివరి ఐదు పెద్ద బ్లాకుల్ని 2011 ఫిబ్రవరి 3న ఐదు రిజిస్ట్రీలకూ తలా ఒకటి ఇచ్చేశారు. ఆ తరవాత క్రమంగా అడ్రసులు చేతులు మారే సరుకయ్యాయి. దివాలా తీసిన నోర్టెల్ కంపెనీ నుంచి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది 6,66,624 అడ్రసులను 75 లక్షల డాలర్లకు కొంది. అప్పటిదాకా ఇంజనీర్ల పనికొచ్చే చిట్టాగా ఉన్న డేటాబేస్, ఆస్తి రికార్డు అయి కూర్చుంది.

ఒకటి రెండు నంబర్లయితే చేత్తో అడగొచ్చు. వందలైతే స్క్రిప్ట్ తప్పదు. స్క్రిప్ట్ రాయబోతే మొదట తెలిసొచ్చేది, ఈ ఐదుగురూ ఐదు రకాలుగా మాట్లాడతారని. రైప్ రికార్డులో 'ఐనెట్‌నమ్' అన్నదాన్ని ఆరిన్ 'నెట్‌రేంజ్' అంటుంది. ఒకరు వ్యాఖ్యలకు ముందు శాతం గుర్తు పెడతారు, ఇంకొకరు హ్యాష్ పెడతారు. లాక్‌నిక్ రికార్డులో 'ఓనర్' అన్న గడి కనిపిస్తుంది. జపాన్ రిజిస్ట్రీ హూఈజ్ జపనీస్‌లోనే జవాబిస్తుంది, ఇంగ్లిష్ కావాలంటే ప్రశ్న చివర ఒక స్లాష్, ఒక ఈ అక్షరం తగిలించాలి. ఓపికున్న ప్రోగ్రామర్లెవరో ఈ తేడాలన్నీ భరించి లైబ్రరీలు రాసిపెట్టారు. పైథాన్‌లో నేను వాడేది ఐపీహూఈజ్. నంబరు ఇచ్చి ఒక్క ఫంక్షన్ పిలిస్తే చాలు. ఏ రిజిస్ట్రీని అడగాలో అదే కనుక్కుంటుంది, రేంజ్, నెట్‌వర్క్ పేరు, దేశం కోడ్, ఏఎస్ నంబరు, సంప్రదించాల్సినవాళ్ల వివరాలు విడివిడిగా పేర్చి చేతికిస్తుంది. 192.168తో మొదలయ్యే ఇంటి రౌటర్ నంబరు ఇస్తే మాత్రం గడప దాటకుండానే ఎర్రర్ చూపిస్తుంది. ఆ మర్యాద నాకు నచ్చుతుంది. ప్రపంచంలో సగం ఇళ్లలో ఉన్న నంబరు ఎవరిదని రిజిస్ట్రీని అడిగి ఏం లాభం!

ఈ సుఖంలోనే ఒక చిక్కుంది. ఐదు రకాల మాటల్ని ఒకే మూసలో పోసేసరికి, ఐదింటికీ ఒకే అర్థమున్నట్టు అనిపిస్తుంది. 'కంట్రీ' గడి చూడండి. లాగ్‌లో దాడి కనిపించిందని పైవాళ్లకు చెప్పగానే వాళ్లు అడిగేది ఒకటే: "ఏ దేశం వాడు?" స్క్రిప్ట్‌కు ఇంకో నాలుగు లైన్లు చేరిస్తే దేశాలవారీగా రంగురంగుల చార్ట్ వచ్చేస్తుంది. మీటింగ్‌లో అందరూ తలూపుతారు. ఆ చార్ట్ మీద నాకు గౌరవం లేదు. ఈ గడికి అర్థమేమిటో ఎప్పుడూ నిర్దేశించలేదనీ, దీన్ని నమ్మి అడ్రసును దేశానికి ముడిపెట్టలేమనీ రైప్ తన డాక్యుమెంటేషన్‌లోనే రాసుకుంది. పైగా తన పరిధిలో లేని అడ్రసు అడిగితే రైప్ ఒక ఖాళీ రికార్డు ఇస్తుంది. అందులో దేశం స్థానంలో 'ఈయూ' అని ఉంటుంది, పక్కనే హ్యాష్ గుర్తు పెట్టి, నిజానికి ఇది ప్రపంచమంతా అని ఒక వ్యాఖ్య. మనిషి చదివితే నవ్వుకుంటాడు. గడి ఒక్కటే ఏరుకునే స్క్రిప్ట్ 'ఈయూ' రాసుకుని ముందుకు పోతుంది.

1.1.1.1 సంగతి ఇంకా బాగుంటుంది. 2018 ఏప్రిల్ 1న క్లౌడ్‌ఫ్లేర్ ఈ నంబరుతో డీఎన్ఎస్ సర్వీసు మొదలుపెట్టింది, చాలామంది దాన్ని ఆ కంపెనీ సొంత నంబరే అనుకుంటారు. రిజిస్ట్రీని అడగండి, ఏపీనిక్ లాబ్స్ పేరు వస్తుంది, దేశం ఆస్ట్రేలియా అని వస్తుంది. మీ ఫోన్ అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం మీకు దగ్గర్లో ఉన్న ఏదో ఊరి డేటా సెంటర్ నుంచి వస్తుంది, ఎందుకంటే ఒకే నంబరును ఎన్నో చోట్ల నుంచి ప్రకటిస్తున్నారు. రికార్డులో అబద్ధం లేదు. మనం అడగాలనుకున్న ప్రశ్నకు అది జవాబు కాదు, అంతే.

పల్లెలో అడంగల్ గానీ పహాణీ గానీ చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు. ఐపీ రిజిస్ట్రీల్లో చాలావరకు మొదటి గడే ఉంటుంది. నంబరు ఎవరి పేరున రాసి ఉంది, ఏదైనా జరిగితే ఎవరు జవాబుదారీ అన్నంతవరకే. ఈ పూట ఆ నంబరు వెనక కూర్చున్నదెవరో అందులో దొరకదు. క్లౌడ్ కంపెనీ దగ్గర గంటల లెక్కన సర్వర్ అద్దెకు తీసుకున్నవాడి పేరు రిజిస్ట్రీకి ఎక్కదు. మన మొబైల్ నెట్‌వర్కుల్లోనైతే పాత తరం అడ్రసు ఒక్కదాని వెనక ఒకే సమయంలో ఎన్నో ఫోన్లుంటాయి. దాని కోసమే 2012లో 100.64తో మొదలయ్యే బ్లాకును విడిగా కేటాయించారు. నల్గొండలో ఫోన్ పట్టుకున్నవాడి అడ్రసుకు ముంబై ఆఫీసు పేరు వస్తే ఆశ్చర్యం లేదు. అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు అడ్రసు ఒక్కటీ ఇస్తే సరిపోదు, అవతలి పోర్టు నంబరు, సెకన్లతో సహా సమయం ఇవ్వాలి. ఆ సమయం మనదా, యూటీసీనా అన్నది కూడా రాయాలి.

గడిని స్థలమనుకుంటే ఏమవుతుందో అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఒక పొలం చెబుతుంది. ఐపీ అడ్రసులకు స్థలం అంచనా వేసే మాక్స్‌మైండ్ కంపెనీ, అమెరికాలోనే గానీ ఎక్కడో తెలియని అడ్రసులకు దేశం నట్టనడుమ ఒక బిందువు పెట్టుకుంది. అక్షాంశం 38 డిగ్రీలు, రేఖాంశం 97 డిగ్రీలు. అది పోట్‌విన్ అనే ఊరి దగ్గర ఒక ఇంటి పక్కన పడింది. 60 కోట్లకు పైగా అడ్రసులు ఆ బిందువుకే చేరాయి. మోసపోయినవాళ్లు, పోలీసులు ఏళ్ల తరబడి ఆ ఇంటికి వచ్చారు. సంగతి 2016లో పత్రికలకెక్కాక ఆ బిందువును ఒక సరస్సులోకి జరిపారు. అక్కడ వాడింది రిజిస్ట్రీ కాదు, వేరే డేటాబేస్. కానీ గడిలో ఏదో ఒకటి ఉంది కాబట్టి అదే నిజమనుకునే అలవాటు రెండు చోట్లా ఒకటే.

పేర్లను కూడా అతిగా నమ్మలేం. 2019లో ఆరిన్ బయటపెట్టిన కేసులో, సౌత్ కరోలినాలోని ఒక కంపెనీ లేని సంస్థలనూ లేని అధికారులనూ సృష్టించి 7 లక్షలకు పైగా అడ్రసులు సంపాదించింది. అదే ఏడాది ఆఫ్రికాలో రిజిస్ట్రీ లోపలి మనిషే రికార్డులు మార్చాడన్న ఆరోపణ వచ్చింది. ఆఫ్రినిక్ తరవాత జరిపిన ఆడిట్‌లో 40 లక్షలకు పైగా అడ్రసుల లెక్క తేడాగా తేలింది. ఆ వ్యవహారాన్ని తవ్వితీసినవాళ్ల ముఖ్య ఆయుధం పాత హూఈజ్ జవాబులే. నిన్న ఒక పేరుంది, నేడు ఇంకో పేరుంది, మధ్యలో ఏం జరిగింది?

అందుకని నా స్క్రిప్ట్ లైబ్రరీ పేర్చిచ్చిన గడులతో పాటు పచ్చి జవాబును కూడా అలాగే భద్రపరుస్తుంది, పక్కన అడిగిన తేదీ. లైబ్రరీలో దానికొక ఆప్షన్ ఉంది, వాడేవాళ్లు తక్కువ. డిస్క్ ఖర్చేమీ కాదు. ఆరు నెలల తరవాత వాదన వచ్చినప్పుడు ఆ ఫైలే మాట్లాడుతుంది.

ఇంకొకటి, అడిగే పద్ధతి. ప్రతి నంబరుకూ ఒక ప్రశ్న వేయడం మోటుపని. జవాబులో రేంజ్ వస్తుంది కదా, తరవాతి నంబరు అదే రేంజ్‌లో ఉంటే మళ్లీ అడగక్కర్లేదు. నంబర్లను వరసలో పెట్టి, పైథాన్‌తో పాటే వచ్చే ఐపీఅడ్రస్ మాడ్యూల్‌తో సరిచూసుకుంటే ప్రశ్నలు బాగా తగ్గిపోతాయి. ఈ రిజిస్ట్రీలు ఉచితంగా జవాబిస్తున్నాయి, కానీ ఊరికే వదిలేయవు. వ్యక్తుల వివరాలున్న రికార్డులు రోజుకు వెయ్యి దాటి అడిగితే రైప్ ఆపేస్తుంది. ఆ వివరాలు అక్కర్లేదని ప్రశ్నలోనే 'ఆర్' ఫ్లాగ్‌తో చెప్పొచ్చు, చెప్పాలి కూడా. కొత్త పద్ధతి ఆర్‌డాప్‌లోనైతే 429 అని ఒక కోడ్ వస్తుంది, కాస్త ఆగమని అర్థం. స్క్రిప్ట్ ఆగాలి.

ఆర్‌డాప్ 2015లో వచ్చింది. వెబ్ మీదే అడగొచ్చు, జవాబు జేసన్‌లో వస్తుంది, భాషల గొడవ తీరింది. డొమైన్ పేర్ల వైపు చాలా రిజిస్ట్రీలకు పాత హూఈజ్ నడపాల్సిన బాధ్యత 2025 జనవరి 28తో తొలగిపోయింది. అడ్రసుల వైపు రెండూ నడుస్తున్నాయి. ఆర్‌డాప్ మెరుగే, అయితే అందులో మనుషుల వివరాలు పెట్టిన తీరు చూస్తే తల పట్టుకోవాలి. జాబితాలో జాబితా, దాంట్లో ప్రతి వివరానికీ నాలుగు గడులు, మనకు కావాల్సిన పేరు నాలుగో గడిలో. లైబ్రరీ రాసినవాళ్లకు ఈ ఒక్క విషయానికే దణ్ణం పెట్టొచ్చు.

ఇంతా చేసి నేను లైబ్రరీ ఇచ్చిన జవాబులో వెతికేది, ఫిర్యాదులు పంపాల్సిన అబ్యూజ్ మెయిల్ అడ్రస్. దేశం కంటే, కంపెనీ పేరు కంటే అదే పనికొస్తుంది. నంబరు, పోర్టు, యూటీసీ సమయం, నాలుగు లాగ్ లైన్లు పెట్టి పంపుతాను, కోపం కలపను. కొందరు టికెట్ నంబరు పంపుతారు, ఎక్కువమంది పలకరు. కొన్ని మెయిళ్లు అసలు చేరకుండానే తిరిగొస్తాయి. తిరిగొచ్చినదాన్ని మాత్రం పారేయను. సభ్యుల అబ్యూజ్ మెయిల్ పనిచేస్తోందో లేదో ఆరు నెలలకోసారి సరిచూడాలని ఏపీనిక్‌లో నియమముంది, చెడిన కాంటాక్టులను తెలపడానికి ఒక ఫారం కూడా ఉంది. నంబరు, తేదీ, తిరిగొచ్చిన మెయిల్ హెడర్లు జతచేసి ఆ ఫారం నింపుతాను. ఆ నంబరు మళ్లీ లాగ్‌లోకి వచ్చినప్పుడు, రికార్డు మారిందా అని స్క్రిప్ట్ పాత జవాబుతో పోల్చి చూస్తుంది.